క్రిముల మధ్య చేతులు మారే చీటీ

పోయిన ఏడు ఆషాఢంలో మా అమ్మకు చలిజ్వరం వచ్చింది. నడుములో నొప్పి, మూత్రానికి పోతే మంట. డెబ్బయి రెండేళ్ళ మనిషి. ఆస్పత్రికి పోదామంటే, "దానికేం దవాఖాన బిడ్డా? పోయినసారి మిగిలిన గోలీలు డబ్బాల ఉన్నయి గద, అవే రెండు ఇయ్యి, తగ్గిపోతది" అన్నది. నేనూ సరే అన్నాను. అనడమే కాదు, అటకమీది బిస్కట్ల డబ్బా నా చేతులారా దించి, నేనే ఏరి ఇచ్చాను. మూడు రోజులు గడిచినా జ్వరం దిగలేదు. మందుల షాపు అబ్బాయిని అడిగి ఇంకొంచెం 'పవరు' వున్న మాత్రలు తెచ్చాను. ఐదో రోజుకు అమ్మ మాట తడబడింది. మనిషిని గుర్తుపట్టడం కష్టమయింది. అప్పుడు ఆటోలో వేసుకొని ఆస్పత్రికి పరుగెత్తాము.

అక్కడ మూత్రాన్ని కల్చరు పరీక్షకు పంపారు. మూడోనాడు వచ్చిన రిపోర్టు చూస్తే నాకు గుండె జారింది. ఎడమవైపు పద్దెనిమిది మందుల పేర్లు. కుడివైపు ఒక్కొక్కదాని ఎదుట ఒక్కొక్క అక్షరం. 'ఎస్' అంటే క్రిమి ఆ మందుకు లొంగుతుందని, 'ఆర్' అంటే లొంగదని అర్థమట. పదకొండింటి ఎదుట 'ఆర్' వున్నది. మా డబ్బాలోని మాత్రలన్నీ ఆ పదకొండులోనే వున్నాయి!

డాక్టరుగారు మరాఠీ ఆయన. "ఆజీకి ఈ మందులు ఇంతకుముందు ఎన్నిసార్లు ఇచ్చారు?" అని అడిగారు. లెక్క పెట్టలేదని తల వంచుకున్నాను. ఆయన కోప్పడలేదు. "ఈ క్రిమి ఈ విద్యలన్నీ తనంత తాను నేర్చుకున్నది కాదు. పక్కనున్న వేరే జాతి క్రిమి దగ్గర పుచ్చుకున్నది" అని మాత్రం అన్నారు. పది రోజులు ఇంజెక్షన్లు పడ్డాక అమ్మ లేచి కూర్చున్నది. ఇంటికి వచ్చాము. పవర్లూము షెడ్డులో భాగం కొందామని కూడబెట్టిన డబ్బు ఆస్పత్రి కౌంటరులో జమ అయింది. అది పోతే పోయింది, అమ్మ దక్కింది.

కాని డాక్టరుగారి మాట నన్ను వదలలేదు. ఒక క్రిమి మరొక క్రిమి దగ్గర విద్య పుచ్చుకోవడమేమిటి? నేను మెట్రిక్ చదివి, సహకార సంస్థ ఆఫీసులో ఆవక్-జావక్ బల్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా కూర్చున్నవాణ్ణి. సైన్సు నాకు ఆమడ దూరం. అయితే మా అమ్మాయి బి.యస్సీ.లో సూక్ష్మజీవి శాస్త్రం చదువుతున్నది. దాని పుస్తకాలు, దాని మేడమ్‌గారు ఇచ్చిన పుస్తకాలు ముందు వేసుకొని, ఆదివారాలు అమ్మాయినే పంతులమ్మను చేసుకొని, ఆరు నెలలు కూర్చుంటే కొంత అర్థమయింది. ఆ అర్థమయిన ముక్కలు మన పత్రిక చదివే అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు చెప్పాలని ఈ వ్యాసం. ఎందుకంటే అటకమీది డబ్బా మా యింట్లోనే కాదు, మీ యింట్లోనూ వుండే వుంటుంది.

లొంగనిది మనిషి కాదు, క్రిమి

మనలో చాలామంది, "వాడి ఒంటికి మందు అలవాటు పడిపోయింది, అందుకే పని చెయ్యడంలేదు" అంటూ వుంటారు. అది పొరపాటు. అలవాటు పడినది ఒళ్ళు కాదు, ఒంట్లోని క్రిమి. క్రిమి అంటే ఇక్కడ బాక్టీరియా అని అర్థం. ఒకే ఒక్క కణం గల జీవి. పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ మందులు ఈ బాక్టీరియా మీదనే పని చేస్తాయి. జలుబును, ఫ్లూ జ్వరాన్ని తెచ్చే వైరసుల మీద వాటికి బలం లేదు.

క్రిమి మందుకు ఎలా ఎదురు నిలుస్తుంది? దానికి అనేక ఉపాయాలు వున్నాయి. కొన్ని క్రిములు పెన్సిలిన్‌ను ముక్కలు చేసే రసాయనాన్ని తయారు చేసుకుంటాయి. కొన్ని, పడవలోకి వచ్చిన నీళ్ళు తోడిపోసినట్టు, లోపలికి వచ్చిన టెట్రాసైక్లిన్‌ను బయటికి తోడేస్తాయి. కొన్ని, మందు వచ్చి పట్టుకునే చోటునే మార్చివేసుకుంటాయి. ఈ ఉపాయం ఎలా చెయ్యాలో వ్రాసి వుంచిన ఆజ్ఞలనే జన్యువులు అంటారు. పెన్సిలిన్‌ను విరిచే రసాయనాన్ని ఇంగ్లండులో ఏబ్రహాం, చెయిన్ అనే శాస్త్రజ్ఞులు 1940లోనే కనిపెట్టారు. పెన్సిలిన్‌తో మనుషులకు వైద్యం మొదలయింది 1941లో. అనగా తాళం బజారుకు రాకముందే దొంగ దగ్గర మారుతాళం చెవి వున్నదన్నమాట!

తండ్రి ఆస్తి కొడుకుకు వచ్చినట్టు, క్రిమి రెండుగా చీలినప్పుడు ఈ జన్యువులు పిల్ల క్రిములకు వస్తాయి. మన పేగులలో వుండే ఈ-కోలై అనే క్రిమి, తిండి, వెచ్చదనం అన్నీ కుదిరితే ఇరవై నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, ఒక్క రాత్రిలో కోట్లవుతుంది. అన్ని కోట్లలో ఎక్కడో ఒకదానికి వ్రాతలో తప్పు దొర్లి, ఆ తప్పే దానికి మేలు చేసి, మందుకు లొంగకుండా పోవచ్చు. మిగతావి చచ్చిపోతే అదొక్కటే వంశాన్ని నిలబెడుతుంది. శాస్త్రజ్ఞులు చాలాకాలం మందుకు లొంగకపోవడానికి ఈ ఒక్క దారే వున్నదనుకున్నారు. ఆ నమ్మకాన్ని కదిలించినది జపాను దేశపు జిగట విరేచనాల జబ్బు.

మన సుబ్బారావుగారి మందు, జపాను వారి చిక్కు

జపాను కథకు ముందు మనవాడి సంగతి ఒకటి చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు డైరెక్టరుగా వున్న రోజులలో, అక్కడ పనిచేస్తున్న డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందును తీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటి మందు. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే కాలం చేశారు. ఆ కుటుంబపు మందులు లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడాయి.

అటు జపానులో జిగట విరేచనాలను తెచ్చే క్రిమి పేరు షిగెల్లా. 1897లో దానిని కనిపెట్టిన కియోషి షిగా అనే జపాను వైద్యుని పేరే దానికి పెట్టారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అక్కడ ఈ జబ్బుకు సల్ఫా మందులు విరివిగా వాడారు. మొదట్లో బాగా తగ్గింది. కొన్నేళ్ళకే షిగెల్లా సల్ఫాకు లొంగడం మానుకున్నది. సరే, స్ట్రెప్టోమైసిన్, క్లోరంఫెనికాల్, టెట్రాసైక్లిన్ అని కొత్త మందులు వచ్చాయి గదా అని వాటిని పట్టుకున్నారు. ఇంతలో 1955లో, హాంకాంగ్ నుంచి తిరిగి వచ్చిన ఒక జపాను స్త్రీకి జిగట విరేచనాలు పట్టుకొని ఎంతకూ తగ్గలేదు. ఆమెలోని షిగెల్లాను పరీక్షిస్తే అది సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ లొంగలేదు. తరువాత అటువంటి రోగులు ఒకరి వెంట ఒకరు కనబడసాగారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. వ్రాతలో తప్పు దొర్లి ఒక మందుకు లొంగకుండా పోయే క్రిమి కోటికి ఒకటి వుంటుందనుకోండి. రెండు మందులకు ఒకేసారి లొంగకుండా పోవాలంటే కోటి కోట్లకు ఒకటి. నాలుగింటికీ అంటే ఒకటి పక్కన ఇరవై ఎనిమిది సున్నాలు పెట్టినన్ని క్రిములకు ఒకటి. అటువంటిది ఒక్క రోగిలో కనబడినా అద్భుతమే. మరి ఊరూరా ఎలా కనబడుతున్నది?

ఇంకా వింతలు వున్నాయి. ఒకే మందు, ఉదాహరణకు క్లోరంఫెనికాల్ ఒక్కటే వాడిన రోగిలోని క్రిమి, ఎన్నడూ వాడని మిగతా మూడు మందులకు కూడా ఎదురు తిరిగేది. ఆ రోగి పేగులలోనే కాపురముంటూ, ఏ జబ్బూ చెయ్యని ఈ-కోలైని తీసి చూస్తే, దానికీ సరిగ్గా ఆ నాలుగు మందులే పనిచేసేవి కావు. షిగెల్లా వేరు, ఈ-కోలై వేరు. ఇద్దరికీ ఒకే విద్య ఎలా వచ్చింది?

టోక్యోలో అకిబా, నగోయాలో ఒచియాయ్ అనే శాస్త్రజ్ఞులు 1959లో ఈ చిక్కు విడదీశారు. మందుకు లొంగని ఈ-కోలైని, మందుకు లొంగే షిగెల్లాను ఒకే గాజు గొట్టంలో కలిపి వుంచారు. కొంతసేపయ్యాక చూస్తే నాలుగు మందులకూ లొంగని షిగెల్లా పుట్టి వున్నది! క్రిములు వంశపారంపర్యంగానే కాక, పక్కవాడికి చెయ్యందించి కూడా తమ విద్యను ఇచ్చుకుంటాయని తేలింది. 1963లో వటనబే అనే జపాను ఆచార్యుడు ఈ సంగతులన్నీ ఇంగ్లీషులో వివరంగా వ్రాయడంతో ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

రిజిస్టరు వేరు, విడి చీటీ వేరు

పుస్తకంలో ఈ భాగం నాకు మొదట కొరుకుడు పడలేదు. చివరకు మా ఆఫీసు సామ్యంతో అర్థం చేసుకున్నాను. అదే మీకూ చెబుతాను.

మా ఆఫీసులో ఒక్కొక్క విభాగానికీ బైండు చేసిన పెద్ద రిజిస్టరు ఒకటి వుంటుంది. అది బల్ల దాటి పోదు. క్రిమికి కూడా అటువంటి పెద్ద రిజిస్టరు వున్నది. దానిని క్రోమోజోము అంటారు. క్రిమి బతుకుకు కావలసిన ముఖ్యమైన ఆజ్ఞలన్నీ అందులో వుంటాయి. అదిగాక చాలా క్రిముల దగ్గర విడి చీటీలు వుంటాయి. ఉంగరంలాగా చుట్టుకొని వుండే చిన్న జన్యుపదార్థం. వీటికి 1952లో లెడర్‌బర్గ్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ప్లాస్మిడ్ అని పేరు పెట్టాడు. మందుకు ఎదురు నిలిచే ఉపాయం తరచుగా ఈ విడి చీటీమీదనే వ్రాసి వుంటుంది. జపాను క్రిములలో నాలుగు ఉపాయాలూ ఒకే చీటీమీద వరుసగా వ్రాసి వున్నాయి. అందుకనే చీటీ ఒక్కటి అందితే చాలు, నాలుగూ వచ్చేవి.

ఈ చీటీ చేతులు మారే దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది, ఎదురెదురుగా అందించడం. చీటీ వున్న క్రిమి సన్నని నూలుపోగువంటి గొట్టాన్ని చాచి పక్క క్రిమిని దగ్గరకు లాక్కుంటుంది. ఇద్దరూ ఆనుకున్నాక చీటీకి నకలు తీసి అవతలికి పంపుతుంది. అసలు తన దగ్గరే వుంటుంది. విద్యాదానం లాగా ఎంత ఇచ్చినా తరగదు. పుచ్చుకున్న క్రిమి మళ్ళీ ఇంకొకరికి నకలు తీసి ఇవ్వగలదు. క్రిములు ఇలా కలుసుకొని జన్యువులు ఇచ్చుకోగలవని లెడర్‌బర్గ్, టేటమ్ 1946లోనే చూపించారు. మందులకు లొంగని గుణం ఆస్పత్రులలో ఒక జాతినుంచి ఇంకొక జాతికి పాకడంలో ఈ దారిదే పెద్దపాలు.

రెండవది, చెత్తబుట్టలో ఏరుకోవడం. మూతబడిన ఆఫీసు కాగితాలు వీధిలో పడివుంటే ఎవరో ఒకరు ఏరుకుపోయినట్టు, చచ్చి చీలిపోయిన క్రిమి లోపలి జన్యుపదార్థాన్ని బతికివున్న క్రిమి లోపలికి తీసుకోగలదు. 1928లో ఇంగ్లండులో గ్రిఫిత్ అనే వైద్యుడు, చంపివేసిన ప్రమాదకరమైన న్యుమోనియా క్రిములను, బతికివున్న సాధు క్రిములతో కలిపి ఎలుకలకు ఎక్కించాడు. విడివిడిగా ఏదీ ఎలుకను చంపదు. కలిపి ఎక్కిస్తే ఎలుకలు చనిపోయాయి. వాటిలో బతికివున్న ప్రమాదకరమైన క్రిములు దొరికాయి. చచ్చినవాటి గుణాన్ని బతికినవి అందుకున్నాయన్నమాట. అలా అందుకున్న పదార్థం డి.ఎన్.ఏ. అని 1944లో ఏవరీ, ఆయన సహచరులు నిరూపించారు.

మూడవది, టపా మోసేవాడి పొరపాటు. క్రిములనే పట్టి పీడించే వైరసులు కొన్ని వున్నాయి. వాటిని ఫాజ్ అంటారు. అవి ఒక క్రిమిలో చేరి, తమ పిల్లలను పుట్టించి, దానిని బద్దలు కొట్టుకొని బయటికి వస్తాయి. ఒక్కొక్కసారి తమ కాగితాలకు బదులు ఆ క్రిమి కాగితాన్ని సంచిలో వేసుకొని బయలుదేరి, ఇంకొక క్రిమిలో దించుతాయి. 1952లో జిండర్, లెడర్‌బర్గ్ దీనిని బయటపెట్టారు.

ఇవి చాలవన్నట్టు నాలుగో మాయ ఒకటి వున్నది. కొన్ని జన్యువులు ఒక చీటీనుంచి లేచి ఇంకొక చీటీలోకి గెంతగలవు. రిజిస్టరులోకీ గెంతగలవు. ఒక కాగితంలోని పేరాను కత్తిరించి మరొకదానిలో అతికించినట్టు. జన్యువులు ఇలా గెంతుతాయని మొక్కజొన్న గింజల రంగులు చూసి చెప్పిన బార్బరా మెక్‌క్లింటాక్ అనే అమెరికను విదుషీమణికి 1983లో నోబెల్ బహుమానం వచ్చింది. మందును విరిచే జన్యువు క్రిములలోనూ అలాగే గెంతుతున్నదని 1974లో తేలింది. ఒకే చీటీమీద నాలుగు, ఆరు, పది ఉపాయాలు పోగుపడేది ఇందువల్లనే.

మందు వేస్తే ఏమవుతుంది?

చీటీ మోయడం క్రిమికి ఊరికే కుదరదు. నకళ్ళు తీయాలి, దానికి శక్తి ఖర్చు. అందుచేత మందు లేనిచోట చీటీ వున్నవి తరచు కొంచెం వెనుకబడతాయి. చీటీ లేనివే ఎక్కువగా వుంటాయి. కాని మనం ఒక మాత్ర మింగామనుకోండి. అది జబ్బు చేసే క్రిమి ఎక్కడున్నదో వెతుక్కుంటూ దానిదగ్గరకే పోదు. ఒళ్ళంతా పాకుతుంది, పేగులలోకీ పోతుంది. అక్కడ లక్షల కోట్ల క్రిములు, వందల జాతులు మనతో సఖ్యంగా కాపురమున్నాయి. 'చీటీ లేనివాడు రేపటినుంచి పనిలోకి రానక్కరలేదు' అని ఆఫీసులో హుకుం వేస్తే ఏమవుతుంది? చీటీ వున్నవాళ్ళే మిగులుతారు. ఖాళీ అయిన బల్లలన్నీ వాళ్ళవే. పేగులలోనూ అంతే.

అలా మిగిలినవి మనకు ఆ పూట జబ్బు చెయ్యవు. అందుకే మనకు తెలియదు. కాని అవి చీటీల బ్యాంకు వంటివి. రేపు నీటిద్వారానో, తిండిద్వారానో నిజంగా జబ్బు చేసే క్రిమి ఒకటి వచ్చి ఆ పేగులలో దిగితే, దానికి కావలసిన చీటీ అక్కడ సిద్ధంగా వుంటుంది. జపాను రోగులలో షిగెల్లాకు జరిగినది ఇదే. మా అమ్మ విషయంలో డాక్టరుగారు చెప్పబోయినదీ ఇదే. ఆమెను పీడించిన క్రిమి ఎక్కడ ఆ చీటీలు సంపాదించిందో ఎవరూ చెప్పలేరు. కాని జలుబుకు, దగ్గుకు, గొంతు నొప్పికి మా యింటిల్లిపాదికీ పంచిపెట్టిన మాత్రలు ఆ బ్యాంకును పెంచేవే గాని తగ్గించేవి కావు.

ఒక మనిషి పేగులలో ఇది జరగడం కళ్ళకు కట్టిన సంగతి ఒకటి మన దేశానికి సంబంధించినదే వున్నది. 2008లో, ఢిల్లీలో చికిత్స పొంది స్వీడను దేశానికి తిరిగి వెళ్ళిన ఒక రోగి మూత్రంలో క్లెబ్సియెల్లా అనే క్రిమి దొరికింది. ఆఖరి ఆయుధాలుగా దాచుకునే కార్బపెనెమ్ మందులను కూడా విరిచే కొత్త జన్యువు దానిలో వున్నది. ఆ రోగి మలంలోని ఈ-కోలైలో కూడా అదే జన్యువు చీటీ ఎక్కి కూర్చుని వున్నది. రెండు వేరు వేరు జాతులు, ఒకే మనిషి, ఒకే జన్యువు. దానికి న్యూఢిల్లీ పేరు పెట్టి ఎన్.డి.ఎం.-1 అన్నారు. మన రాజధాని పేరు తగిలించినందుకు మనవారికి కోపం వచ్చింది, వాదోపవాదాలు జరిగాయి. పేరుమీద పట్టింపు ఎలా వున్నా, 2011లో ప్రచురించిన మరొక పరిశోధన మాటేమిటి? ఢిల్లీ వీధులలో నిలిచిన మురుగునీటి నమూనాలు 171 తీస్తే 51 చోట్ల, కుళాయి నీటి నమూనాలు 50 తీస్తే 2 చోట్ల ఆ జన్యువు కనబడింది. కలరా తెచ్చే క్రిమిలోనూ, షిగెల్లాలోనూ కూడా అది చేరి వున్నది. ఆస్పత్రిలోని చీటీ వీధి మోరీలోకి, మోరీనుంచి బిందెలోకి నడిచిందన్నమాట.

హైదరాబాదు దారిలో

మన షోలాపురం తెలుగువారిలో హైదరాబాదు బస్సు ఎక్కనివారెవరు? పెళ్ళికో, చావుకో, బోనాలకో అందరం పోయేవాళ్ళమే. జహీరాబాదు, సంగారెడ్డి దాటగానే పటాన్‌చెరు వస్తుంది. మందుల కంపెనీలకు పేరుపడిన చోటు. అక్కడ సుమారు 90 మందుల కంపెనీలనుంచి వచ్చే మురుగును శుద్ధిచేసే కర్మాగారం బయటికి వదిలిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞుడు లార్సన్, ఆయన తోటివారు పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించారు. 'శుద్ధి' అయిన ఆ నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ వున్నది. ఆ మందు మింగిన రోగి రక్తంలో వుండేదానికన్నా అది ఎక్కువ. ఒక్క రోజులో ఆ నీటితో పోయిన సిప్రోఫ్లోక్సాసిన్ 45 కిలోలని, స్వీడను దేశమంతా ఐదు రోజులలో వాడేది అంతేనని వారు లెక్క కట్టారు.

క్రిమికి అది నీరు కాదు, బడి. 2011లో మరొక పరిశోధనలో, ఆ కర్మాగారానికి ఎగువన, దిగువన ఏటి అడుగు మట్టిని తీసి చూశారు. దిగువ మట్టిలో మందులకు లొంగని జన్యువులు మెండుగా వున్నాయి. వాటితో పాటే, జన్యువులను ఒకచోటినుంచి మరొకచోటికి మోసే సరంజామా, అనగా ప్లాస్మిడ్లు, గెంతే జన్యువుల వంటివి కూడా మెండుగా వున్నాయి. చీటీలే కాదు, టపా బంట్రోతులు కూడా పెరిగారన్నమాట.

ఈ జన్యువులు మనిషి పుట్టించినవి కావు. కెనడాలో ముప్ఫైవేల ఏళ్ళనాటి గడ్డకట్టిన మట్టిలో కూడా ఇటువంటివి వున్నాయని 2011లోనే కనుగొన్నారు. మట్టిలోని సూక్ష్మజీవులు ఒకదానిమీద ఒకటి మందులు ప్రయోగించుకుంటూ, వాటికి విరుగుళ్ళు కల్పించుకుంటూ యుగాలనుంచి కాపురం చేస్తున్నాయి. మనం చేసినదల్లా, మూలన పడివున్న ఆ చీటీలకు ఊరూరా గిరాకీ కల్పించడం. మనుషులకే కాదు, కోళ్ళకు, పందులకు కూడా త్వరగా బరువు పెరగాలని ఈ మందులు మేతలో కలిపారు. కొలిస్టిన్ అనే ఆఖరి మందుకు లొంగని గుణం చీటీమీద ఎక్కిందని 2015లో చైనాలో బయటపడింది. పందులలోనూ, మాంసంలోనూ, రోగులలోనూ దొరికింది. మన ప్రభుత్వం 2019లో పశువులకు, కోళ్ళకు కొలిస్టిన్ వాడరాదని నిషేధించింది.

నా మాత్ర నా సొంతం కాదు

ప్రపంచం మొత్తంమీద 2019వ సంవత్సరంలో 12 లక్షల 70 వేల మంది కేవలం మందులకు లొంగని క్రిములవల్ల చనిపోయారని 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. అందులో అమ్మలు, పసిబిడ్డలు, బాలింతలు ఎందరో గదా. మా అమ్మ ఆ పట్టికలో చేరకుండా తప్పించుకున్నది.

ఇంతకాలం నేను అనుకున్నది ఏమిటంటే, నా డబ్బు, నా మాత్ర, నా ఒళ్ళు. తగ్గితే నాకు, తగ్గకపోతే నాకు అని. అది ఒప్పు కాదని ఇప్పుడు తెలిసింది. బీపీ మాత్ర నేను అనవసరంగా మింగితే నష్టం నాకే. యాంటీబయాటిక్ మాత్ర అలా కాదు. నా పేగులో మిగిలిన చీటీ నా చేతినుంచి నా మనుమడికి, మా మోరీనుంచి పక్కింటి బావికి పోగలదు. దానికి గోడలు లేవు, కులగోత్రాలు లేవు, సరిహద్దులు లేవు. 2017లో హాలండు శాస్త్రజ్ఞులు, విదేశాలు చూసి వచ్చిన తమ దేశీయులను పరీక్షిస్తే, దక్షిణాసియాకు వచ్చిపోయినవారిలో నూటికి 75 మంది ఇటువంటి క్రిములను కొత్తగా పేగులలో పెట్టుకొని ఇంటికి చేరారు. మన చీటీలు విమానం కూడా ఎక్కుతున్నాయి.

మరి సామాన్యులం మనం చెయ్యగలిగేది ఏమిటి? పెద్ద విద్యలేమీ అక్కరలేదు.

మందు అట్టమీద నిలువుగా ఎర్ర గీత వుంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడనిది. ఆ గీత సంగతి అందరికీ తెలియాలని కేంద్రప్రభుత్వం 2016లో ప్రచారం కూడా మొదలుపెట్టింది. షాపువాడు ఇచ్చినా మనం పుచ్చుకోవద్దు. జలుబుకు, ఫ్లూ జ్వరానికి యాంటీబయాటిక్ కావాలని డాక్టరును మనం ఒత్తిడి చెయ్యవద్దు. 'మందు వ్రాయని డాక్టరు డాక్టరే కాదు' అనే మాట మన ఇళ్ళలో మానుకోవాలి. వ్రాసినప్పుడు ఎన్నాళ్ళు చెబితే అన్నాళ్ళు, ఏ వేళకు చెబితే ఆ వేళకు వేసుకోవాలి. మిగిలినవి దాచవద్దు, ఇరుగుపొరుగుకు పంచవద్దు. చేతులు సబ్బుతో కడగడం, నీళ్ళు కాచి తాగడం, పిల్లలకు టీకాలు వేళకు వేయించడం కూడా ఇందులో భాగమే. జబ్బే రాకపోతే మందూ అక్కరలేదు, చీటీకి గిరాకీ అంతకంటే లేదు.

ఇవన్నీ చేసినా కంపెనీల మురుగు, కోళ్ళ మేత, ఆస్పత్రుల శుభ్రత మన చేతిలో లేవు. వాటిని అడగవలసినవారు అడగాలి, చెయ్యవలసినవారు చెయ్యాలి. కాని అటకమీది డబ్బా మాత్రం పూర్తిగా మన చేతిలోనిదే.

మొన్న సంక్రాంతికి పక్కింటి సత్తెమ్మక్క వచ్చి, "తమ్మీ, పిల్లకు దగ్గు పట్టింది. మీ డబ్బాల గోలీలుంటయి గద, రెండియ్యి" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపల మా అమ్మ లోపలినుంచి వచ్చింది. "లెవ్వు బిడ్డా. ఆ డబ్బా తీసేసినం. పిల్లను డాక్టరుకు చూపియ్యి, నా కొడుకు నీ ఎంబడి వస్తడు" అన్నది. ముగ్గురమూ బయలుదేరాము. డాక్టరుగారు పిల్ల గొంతు చూసి, ఛాతీ విని, ఇది వైరసు దగ్గు, యాంటీబయాటిక్ అక్కరలేదు, వేడినీళ్ళు తాగించండి, మూడు రోజులలో తగ్గకపోతే మళ్ళీ తీసుకురండి అన్నారు. నాలుగోనాటికి పిల్ల వీధిలో ఆడుకుంటున్నది.

చదివినవారు ఈ మాసపత్రిక మూసి పక్కన పెట్టేముందు, ఒక్కసారి తమ ఇంటి అటకమీద చెయ్యిపెట్టి చూడవలసిందిగా నా మనవి.